తుంటి ఎముక విరిగాక కాళ్లకు మళ్లీ బలం: ఇంట్లో వ్యాయామం ఎలా చేయాలి

ఆపరేషన్ బాగా జరిగింది, కుట్లు తీశారు, ఎక్స్‌రే చూసి ఎముక బాగానే అతుక్కుంటోందని డాక్టర్ చెప్పారు. అయినా కుర్చీలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. బాత్రూమ్ దాకా వెళ్లొస్తే చాలు, కాలు బరువెక్కిపోతుంది. ఎముక అతికినా నడక ఎందుకు కుదురుకోలేదని టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉంటారు. ఎముక తన పని తాను చేసుకుంటోంది. కండకే ఎవరూ పని పెట్టలేదు.

మంచాన పడితే కండ చాలా వేగంగా కరిగిపోతుంది. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది పెద్దవాళ్లను 10 రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఆ 10 రోజుల్లోనే వాళ్ల కాళ్లలోంచి దాదాపు కిలో కండ పోయింది. వాళ్లకు దెబ్బా తగల్లేదు, ఆపరేషనూ కాలేదు. ఇక తుంటి విరిగి, నొప్పితో సరిగా తినలేక వారాల తరబడి పడుకున్న మనిషి సంగతి వేరే చెప్పాలా?

పోయిన కండ తిరిగి రావాలంటే ఇంట్లో అటూ ఇటూ నాలుగడుగులు వేస్తే సరిపోదు. నడక అవసరమే. కానీ కండ బలపడాలంటే దానికి అలవాటైన పనికన్నా కొంచెం ఎక్కువ కష్టం పెట్టాలి. అది తేలికయ్యాక ఇంకొంచెం పెంచాలి. 2014లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో, తుంటి విరిగి మామూలు ఫిజియోథెరపీ కూడా ముగిసిపోయిన 232 మందిని తీసుకుని, అందులో కొందరికి ఇంట్లోనే చేసుకునే వ్యాయామాలు నేర్పించారు. కుర్చీలోంచి లేవడం, మెట్టు ఎక్కడం లాంటివే, ఆరు నెలల పాటు. మిగతావాళ్లకన్నా వీళ్ల కదలిక మెరుగైంది. తేడా మోస్తరుగానే ఉంది, అద్భుతం ఏమీ జరగలేదు. అయితే అంతా అయిపోయింది, ఇక వచ్చేది లేదు అనుకున్న దశలో కూడా మెరుగుపడొచ్చని తేలింది. నాకు ముఖ్యంగా అనిపించేది అదే.

మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడగాల్సినవి

అందరికీ ఒకే ఆపరేషన్ చేయరు. కొందరికి రాడ్డు లేదా ప్లేటు వేసి స్క్రూలు బిగిస్తారు, కొందరికి బాల్ (తొడ ఎముక పైకొనన ఉండే గుండ్రటి భాగం) మారుస్తారు, కొందరికి కీలు మొత్తం మారుస్తారు. కాబట్టి పక్కింటివాళ్లకు చెప్పిన వ్యాయామం మీకు పనికిరాకపోవచ్చు. మీ సర్జన్‌ను గానీ ఫిజియోథెరపిస్ట్‌ను గానీ ఈ ప్రశ్నలు నేరుగా అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి.

ఆ కాలి మీద ఎంత బరువు మోపవచ్చు? ఇప్పుడు ఎక్కువమందికి ఓర్చుకోగలిగినంత బరువు మోపమనే చెబుతున్నారు. కొందరికి మాత్రం సగం బరువే అంటారు, లేదా వేళ్లు ఆనిస్తే చాలంటారు. ఆ మాట దాటకూడదు. కింద నిలబడి చేసే వ్యాయామాలన్నీ ఈ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

ఏ కదలికలు వద్దు? బాల్ లేదా కీలు మార్చినప్పుడు కొన్నాళ్లు మోకాలు తుంటికన్నా పైకి రాకూడదని, కాలు మీద కాలు వేసుకోకూడదని, పాదం లోపలికి తిప్పకూడదని చెప్పవచ్చు. అలాంటప్పుడు తక్కువ ఎత్తు పీటలు, గొంతుక్కూర్చోవడం, కింద పడిన వస్తువు కోసం వంగడం అన్నీ మానాలి. కొన్ని ఆపరేషన్లలో తుంటి పక్క కండరాన్ని విడదీసి మళ్లీ కుట్టి ఉంటారు. అది అతికేదాకా కాలు పక్కకు ఎత్తొద్దంటారు. మీ ఆపరేషన్ అలాంటిదేనా అని తప్పకుండా అడగండి.

గుండె జబ్బు, బీపీ, షుగర్, ఆయాసం ఉంటే ఆ సంగతి కూడా చెప్పి, ఎంతవరకు శ్రమపడవచ్చో తెలుసుకోండి.

చోటు, కుర్చీ, చెప్పులు

చేతులున్న గట్టి కుర్చీ ఒకటి కావాలి. సోఫా, చక్రాల కుర్చీ, ప్లాస్టిక్ మడత కుర్చీ పనికిరావు. వీపు వైపు గోడకు ఆనించి పెట్టండి, లేచేటప్పుడు వెనక్కి జరగకూడదు. కూర్చుంటే పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, తుంటి మోకాలికన్నా కొంచెం ఎత్తులో ఉండాలి. కుర్చీ తక్కువైతే గట్టి దిండు వేయండి. మెత్తగా కుంగిపోయే దిండు వేస్తే లేవడం ఇంకా కష్టమవుతుంది.

నిలబడి చేసేవాటికి వంటింటి గట్టు చాలా మంచి ఆధారం. కదలదు, నడుము ఎత్తులో ఉంటుంది. వాకర్ పట్టుకుని వ్యాయామం చేయవద్దు, పక్కకు ఒరిగితే అదీ మీతోపాటే ఒరుగుతుంది. కింద చాపలు, పట్టాలు, వైర్లు లేకుండా తీసేయించండి. జారే చెప్పులు, సాక్సులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. కళ్లద్దాలుంటే పెట్టుకోండి. నొప్పి మాత్ర రాసి ఇచ్చి ఉంటే, అది వేసుకున్న అరగంట, ముప్పావుగంట తర్వాత మొదలుపెడితే కాలు మాట వింటుంది.

మొదటి వారాల్లో పక్కన ఒక మనిషి ఉండాలి.

పడుకుని చేసేవి

ఇవి రోజూ, రోజుకు రెండు మూడు సార్లు చేయవచ్చు. వెల్లకిలా పడుకుని పాదాలను పైకి, కిందికి ఆడించండి. ఒక్కోసారి ఇరవై దాకా. దీనివల్ల పిక్కల్లో రక్తం నిలవకుండా కదులుతుంది.

తర్వాత మోకాలి వెనక భాగాన్ని పరుపుకేసి నొక్కుతూ తొడ ముందు కండ బిగించండి. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. చేత్తో తాకి చూస్తే ఆ కండ గట్టిపడటం తెలుస్తుంది. మొదట్లో ఆపరేషన్ అయిన వైపు అసలు బిగుస్తోందో లేదో కూడా తెలియకపోవచ్చు. కంగారు పడకండి, ముందు మంచి కాలితో చేసి, అదే పని రెండో కాలికి చెప్పండి. అలాగే పిరుదులు రెండూ దగ్గరికి బిగించి వదలండి. ఆ తర్వాత మడమను పరుపు మీదే జారుస్తూ మోకాలు మడిచి, మెల్లగా చాపండి. మోకాలు లోపలికి వాలనివ్వకండి. ఒక్కోటి పది సార్లు.

కాలు నిటారుగా పైకి ఎత్తే వ్యాయామం మాత్రం ఫిజియోథెరపిస్ట్ చెబితేనే చేయండి. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది గానీ తుంటి కీలు మీద చాలా భారం పడుతుంది.

మంచం దిగే ముందు అంచు మీద ఒకటి రెండు నిమిషాలు కూర్చుని పాదాలు ఆడించండి. చాలా రోజులు పడుకున్నవాళ్లకు ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

కూర్చుని మోకాలు చాపడం

కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని, ఒక కాలు మెల్లగా ముందుకు చాపండి. మోకాలు నిటారుగా వచ్చాక మూడు అంకెలు ఆగి, అంతే మెల్లగా దించండి. తొడను కుర్చీ మీదినుంచి లేపకూడదు. పది సార్లు తేలిగ్గా వస్తుంటే చీలమండకు అరకిలో బరువు పట్టీ కట్టుకోవచ్చు. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు. అసలు పని తర్వాతి వ్యాయామంలో ఉంది.

కుర్చీలోంచి లేవడం

రోజులో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. బాత్రూమ్, మంచం, భోజనం బల్ల, ఏది తీసుకున్నా లేవడంతోనే మొదలు. మీరు ఎవరి మీదా ఆధారపడకుండా ఉండగలరా లేదా అన్నది చాలావరకు ఈ ఒక్క కదలికే తేలుస్తుంది.

ముందు కుర్చీ అంచు దాకా జరగండి. పాదాలు రెండూ నడుము వెడల్పులో పెట్టి, మోకాళ్లకు కాస్త వెనకగా లాగండి. చేతులు కుర్చీ చేతుల మీద పెట్టండి. ఇప్పుడు ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంతవరకు ఒళ్లు ముందుకు వంచి, పాదాలతో నేలను నొక్కుతూ, గాలి వదులుతూ లేవండి. పూర్తిగా నిటారుగా నిలబడ్డాక ఒక క్షణం ఆగండి. కూర్చునేటప్పుడు కాళ్ల వెనక కుర్చీ తగిలిందని తెలిశాకే మూడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగండి. దబ్బున కూలబడితే సగం వ్యాయామం పోయినట్టే, దిగేటప్పుడు కండ మోసే బరువు అంత విలువైనది.

ముందుకు ఎక్కువ వంగొద్దని మీకు చెప్పి ఉంటే పద్ధతి కొంచెం మారుతుంది. కుర్చీ ఎత్తు ఇంకా పెంచుకుని, ఆపరేషన్ అయిన కాలు కొద్దిగా ముందుకు పెట్టి, చేతుల మీద ఎక్కువ బరువు వేసి లేవాలి. కాలి మీద సగం బరువే మోపమన్నవాళ్లకూ అంతే.

ఇక్కడ ఒకటి గమనించాలి. పూర్తి బరువు మోపవచ్చని చెప్పిన తర్వాత కూడా, మీకు తెలియకుండానే ఒళ్లంతా మంచి కాలి వైపు ఒరుగుతుంది. ఆపరేషన్ అయిన పాదం మెల్లగా ముందుకు జారిపోతుంది, మడమ తేలిపోతుంది, భుజం అవతలి వైపు వంగుతుంది. పదిసార్లు లేచినట్టే ఉంటుంది గానీ పనంతా ఒక కాలే చేసి ఉంటుంది, బలహీనమైనది అలాగే ఉండిపోతుంది. ఎదురుగా అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవాళ్లను ముందు కూర్చుని చూడమనండి. రెండు మోకాళ్లు ఒకే వరసలో ఉన్నాయా, రెండు మడమలూ నేలకు ఆనుతున్నాయా అన్నది చూస్తే చాలు.

ఐదు సార్లతో మొదలుపెట్టి, నిమిషం రెండు నిమిషాలు ఆగి, మళ్లీ ఐదు సార్లు. పది సార్లు రెండు విడతలుగా బాగా వస్తుంటే కష్టం పెంచే సమయం వచ్చింది. ముందు చేతుల సాయం తగ్గించండి: రెండు చేతులతో నొక్కేవాళ్లు ఒక చేత్తో, ఆ తర్వాత వేళ్లు మాత్రం ఆనించి, ఆఖరికి చేతులు ఛాతీ మీద కట్టుకుని. అదయ్యాక దిండు తీసేసి ఎత్తు తగ్గించండి, అది మీకు నిషిద్ధం కాకపోతేనే. ఒకసారికి ఒకటే మార్చండి. రెండూ కలిపి మారిస్తే మర్నాడు కాలు పట్టేసినప్పుడు దేనివల్లో తెలియదు.

నిలబడి చేసేవి

గట్టుకు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ ఆనించి, మడమలు పైకి లేపి దించండి. పది సార్లు. తర్వాత ఒక్కో మోకాలు కొద్దిగా పైకి లేపుతూ ఉన్నచోటే అడుగులు వేయండి.

ఆ తర్వాత కాలు పక్కకు ఎత్తడం. తుంటి పక్కన, పిరుదు పైభాగంలో ఉండే కండరమే మనం ఒంటికాలి మీద ఉన్నప్పుడు నడుమును సమంగా నిలబెడుతుంది. నడకలో ప్రతి అడుగుకూ ఒక క్షణం ఒంటికాలి మీదే ఉంటాం. ఆ కండరం బలహీనపడితే నడుము ఒక పక్కకు జారి, ఆ కుంటు నడక నెలల తరబడి ఉండిపోతుంది.

గట్టు పట్టుకుని, ఒళ్లు నిటారుగా ఉంచి, ఆపరేషన్ అయిన కాలిని పక్కకు ఒక జానెడు ఎత్తండి. కాలివేళ్లు ముందుకే చూడాలి. పాదం బయటికి తిరిగిపోతే పని వేరే కండరానికి పోతుంది. నడుము పైకి లాగడం, ఒళ్లు అవతలికి వాల్చడం కూడా అంతే. వీటితో కాలు ఎత్తుగా లేస్తుంది, మీకు సంతోషంగానూ ఉంటుంది, కానీ ఆ కండకు అందేది తక్కువ. జానెడు చాలు, సరిగ్గా రావాలి. రెండు అంకెలు ఆపి దించండి. అలా ఎనిమిది నుంచి పది సార్లు.

పూర్తి బరువు మోపవచ్చని చెప్పినవాళ్లు కాళ్లు మార్చి కూడా చేయాలి. మంచి కాలు ఎత్తినప్పుడు మిమ్మల్ని మోసేది ఆపరేషన్ అయిన కాలే. నిజానికి ఆ వైపు తుంటికి ఎక్కువ పని పడేది అప్పుడే. సగం బరువే అన్నవాళ్లు ఈ రెండో భాగం జోలికి పోకండి.

ఇదే పద్ధతిలో కాలు వెనక్కి ఎత్తండి, నడుము ముందుకు వంచకుండా. కొన్ని వారాలు గడిచి ఇవన్నీ అలవాటయ్యాక మెట్టు వ్యాయామం మొదలవుతుంది. రెయిలింగు ఉన్న మెట్ల దగ్గర మొదటి మెట్టు మీద ఆపరేషన్ అయిన పాదం మొత్తం పెట్టి, దాని బలంతోనే పైకి లేచి, మంచి కాలు పక్కన పెట్టి, మళ్లీ మంచి కాలే కిందికి దించండి. మెట్టు ఎత్తనిపిస్తే నాలుగంగుళాల గట్టి చెక్కపీటను గట్టు ముందు, జారకుండా పెట్టుకోండి. ఇది వ్యాయామానికి మాత్రమే. మామూలుగా మెట్లు ఎక్కి దిగేటప్పుడు పద్ధతి వేరు: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు.

చివర్లో రెండు నిమిషాలు నిలకడ కోసం. గట్టు పక్కనే పాదాలు రెండూ దగ్గరగా పెట్టి పది అంకెలు, తర్వాత ఒక పాదం సగం ముందుకు పెట్టి పది అంకెలు, బాగా కుదిరాక ఒక మడమ రెండో కాలి వేళ్ల ముందు పెట్టి పది అంకెలు నిలబడండి. చేతులు గట్టుకు అంగుళం దూరంలోనే ఉండాలి.

ఎన్నిసార్లు, ఎంత కష్టంగా

కుర్చీలోంచి లేవడం, నిలబడి చేసేవి, మెట్టు వ్యాయామం వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు వదిలి చేయండి. కండ బలపడేది ఆ విశ్రాంతి రోజుల్లోనే. నడక, పడుకుని చేసేవి రోజూ ఉండవచ్చు. ఒక విడతకు ఎనిమిది నుంచి పది సార్లు, అలా రెండు విడతలు. ఆఖరి రెండు సార్లు నిజంగా కష్టంగా ఉండాలి, కానీ పద్ధతి చెడకూడదు. చేస్తూ మాట్లాడగలగాలి. అంకెలు పైకి లెక్కపెడితే ఊపిరి బిగపట్టే అలవాటు దానంతటదే పోతుంది.

పది సార్లు ఏ మాత్రం శ్రమ లేకుండా అయిపోతుంటే ఆ వ్యాయామం మీకు చాలడం లేదని అర్థం. చాలా ఇళ్లలో పురోగతి ఆగిపోయేది ఇక్కడే. డిశ్చార్జ్ రోజు ఇచ్చిన కాగితంలోని వ్యాయామాలే మూడు నెలల తర్వాత కూడా అలాగే చేస్తుంటారు, శ్రద్ధగానే చేస్తుంటారు, కానీ కాలు ఆ దశ దాటేసి చాలా రోజులవుతుంది. పెంచడానికి భయమేస్తే ఒక్కసారి ఫిజియోథెరపిస్ట్‌ను పిలిపించుకుని వాళ్ల ముందు పెంచండి.

కండ నొప్పి, సలుపు ఒకటి రెండు రోజులుండి తగ్గిపోతే అది మామూలే. మర్నాడు ఉదయానికి తుంటి నొప్పి ముందుకన్నా పెరిగినా, గజ్జల్లో పోటు వచ్చినా, కండ నొప్పి రెండు రోజులు దాటినా తగ్గకపోయినా, అంతకుముందు చేసిన తేలిక స్థాయికి దిగి మళ్లీ మొదలుపెట్టండి.

వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవి వేరే ఉన్నాయి. తుంటిలో ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి వచ్చి కాలి మీద నిలబడలేకపోవడం, కాలు పొట్టిగా లేదా ఒక పక్కకు తిరిగిపోయినట్టు కనబడటం, కుట్ల దగ్గర ఎర్రబడటం, చీము, జ్వరం. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఆ రోజే చూపించుకోండి. ఛాతీ నొప్పి, ఆగకుండా ఆయాసం, స్పృహ తప్పడం అయితే అంబులెన్స్ పిలవాల్సిందే.

ఇంట్లోవాళ్లకు

అమ్మగారు లేవబోతుంటే రెండు చేతులూ పట్టి లాగకండి. ప్రేమతోనే చేస్తారు, తెలుసు. కానీ అలా లాగినప్పుడు ఆమె కాళ్లకు చేయాల్సిన పని ఉండదు, పైగా భుజం పట్టేస్తుంది. ఆపరేషన్ అయిన వైపు, కొద్దిగా వెనకగా నిలబడండి. ఒక చెయ్యి నడుము దగ్గర సిద్ధంగా ఉంచండి, అవసరమైతేనే పట్టుకోండి. నిమిషం ఆలస్యమైనా ఆమెనే లేవనివ్వండి.

పడిన మనిషికి మళ్లీ పడతానన్న భయం చాలా లోతుగా ఉంటుంది. "ఏం కాదు, నడువు" అంటే అది పోదు. గట్టు దగ్గర, పక్కన మీరు ఉండగా, నిన్న వచ్చిన దానికన్నా ఒకటి ఎక్కువ చేస్తే కొంచెం కొంచెంగా పోతుంది. గోడ మీద క్యాలెండర్‌లో ఎన్నిసార్లు లేచారో రాసిపెట్టండి. నెల తర్వాత చూసుకుంటే ఆ అంకెలే ధైర్యం చెబుతాయి. నెలకోసారి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలుగుతున్నారో కూడా చూసి పక్కన రాయండి. ప్రతిసారీ అదే కుర్చీ వాడాలి.

తిండి తగ్గిన మనిషికి వ్యాయామం ఒక్కటే కండ పెంచలేదు. ప్రతి పూటా ప్రోటీన్ ఉండేలా చూడండి. కిడ్నీ సమస్య ఉంటే ఎంత అన్నది డాక్టర్‌నే అడగండి.

వాకర్ నుంచి కర్రకు

వాకర్ వదలడానికి తొందరపడవద్దు. పొట్టీ పొడుగూ తేడా లేకుండా అడుగులు సమంగా పడుతున్నప్పుడు, మలుపు తిరిగేటప్పుడు తూలకుండా ఉన్నప్పుడు ఫిజియోథెరపిస్ట్ కర్రకు మారుస్తారు. కర్ర ఆపరేషన్ అయిన కాలికి ఎదురు వైపు చేతిలో ఉండాలి. కుడి తుంటి అయితే ఎడమ చేతిలో, కర్రా ఆ కాలూ కలిసి ముందుకు వెళ్లాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానివల్ల ఒళ్లంతా ఆ కాలి మీదికే ఒరిగి తుంటికి భారం పెరుగుతుంది.

ఎక్కువ మెరుగుదల మొదటి ఆరు నెలల్లో కనిపిస్తుంది, ఆ తర్వాత కూడా ఏడాది దాకా నెమ్మదిగా వస్తూనే ఉంటుంది. అప్పటికి బాగా నడుస్తున్నా వారానికి రెండు సార్లయినా కుర్చీ, మెట్టు వ్యాయామాలు వదలకండి. ఆపేస్తే కొన్ని వారాల్లోనే బలం మళ్లీ తగ్గడం మొదలవుతుంది.

నిలబడిన ఎత్తు నుంచి పడితేనే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉండే అవకాశం ఎక్కువ, రెండోది విరిగే ప్రమాదమూ ఎక్కువే. విరిగిన ఎముకకు ఆపరేషన్ చేశారు గానీ ఎముకల బలానికి మందు మొదలుపెట్టని సందర్భాలు చాలానే ఉంటాయి. ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు ఎముకల మందు, విటమిన్ డి, కాల్షియం గురించి మీరే అడగండి. నిద్రమాత్రలు, బీపీ మాత్రల వల్ల తూలు వస్తోందేమో చూడమని, మీరు వేసుకునే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లి చూపించండి.